కార్టర్ వీధి తొమ్మిదో నంబరు చలిపొయ్యి

"తోస్తోంది! లోపల్నించి తోస్తోంది బాబోయ్!"

వీధి చివర తొమ్మిదో నంబరు ఇంట్లోంచి వచ్చిన ఆ కేక మా విల్ఫ్‌ది. పాతికేళ్ళు వాడూ నేనూ ఒకే డిపోలో బస్సులు నడిపాం, ఆ గొంతు నాకు తెలీకపోవడమేంటి? ఆ కేక వెంటే ఇళ్ళ కప్పుల అవతల నుంచి ఇంకో కేక కూడా వినబడింది. ప్రతిధ్వని అనుకున్నాను.

డిసెంబరు ఆదివారం. నాలుగు కొట్టేసరికే చీకటి. ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే పరిగెత్తాను. పరిగెత్తానే గానీ... ఆ ఇంటి గుమ్మం దగ్గర కాలు కొంచెం వెనకాడింది.

ఎందుకో చెబుతాను.

ఆ ఇంటి చలిపొయ్యికి, అదే, చలికాగడానికి గోడలో కట్టిన పొయ్యికి, మంచి పేరు లేదు. ఇదివరకు ఆ ఇంట్లో ఉన్న ఆగ్నెస్ అవ్వ నలభై ఏళ్ళు ఆ పొయ్యి ముందే కూర్చుంది. పొయ్యి పైన చెక్క షెల్ఫ్, దాని నట్టనడుమ ఆవిడ టీ కప్పు. ఇంకెవరూ అక్కడ ఏదీ పెట్టకూడదు. పెడితే ఒక్క వేలితో, మెల్లగా, పక్కకి జరిపేసేది. ఆవిడ పోయాక వచ్చినవాళ్ళు గ్యాసు హీటరు కోసం ఆ షెల్ఫ్‌ని కోసి పారేశారు. అంతే! ఆ తర్వాత ఆ గోడకి ఎవరు షెల్ఫ్ కొట్టినా నిలిస్తే ఒట్టు. మూడు ఊడిపడ్డాయి. మూడోది పిల్లి పక్కనే పడింది. పిల్లికేం కాలేదు గానీ, అది సామాను సర్దుకున్నట్టుగా వెళ్ళి ఎదురింట్లో కాపురం పెట్టింది.

ఇంత తెలిసీ, ఇప్పుడు ఆ ఇంట్లో ఉంటున్న విల్ఫ్ నాలుగోది ఎందుకు కొడుతున్నాడు? గడియారం కోసం.

వాడి మామగారు పోతూ పోతూ ఓ మాట అన్నాడు: "నా గడియారం, చలిపొయ్యి మీద షెల్ఫ్ ఉన్న కూతురి ఇంట్లో ఉండాలి." విల్ఫ్ భార్య హిల్డా చిన్నప్పటినుంచీ ప్రతి ఆదివారం తండ్రి ఒళ్ళో కూర్చుని ఆ గడియారానికి కీ ఇచ్చిన పిల్ల. కానీ ఇంట్లో షెల్ఫ్ లేదే! వాళ్ళక్క ఎడ్నా ఇంట్లో ఉంది. "నెల రోజులు ఆగుతాను. ఆ తర్వాత గడియారం చుట్టి పట్టుకుపోవడానికి దుప్పటి తెచ్చుకుంటాను," అంది ఎడ్నా. నెల ఈ ఆదివారంతో సరి. అయిదింటి బస్సుకి ఆవిడ దిగుతుంది. మనవాడు ఇరవై తొమ్మిది రోజులు, షెల్ఫ్ వాలకుండా సరిచూసే రసమట్టం ఎక్కడ పెట్టాడో వెతుక్కుని, ముప్పయ్యో రోజున డ్రిల్లు పట్టాడు.

లోపలికి వెళ్ళాను. షెల్ఫ్ కోసం తెచ్చిన ఓక్ దుంగ పొయ్యి ముందు నేల మీద ఉంది. దాని వీపున మూడు కన్నాలు. గోడలో ఎదురుగా మూడు కన్నాలు. గోడ కన్నాల్లో జిగురు నింపి ఇనప కడ్డీలు దింపాలి, జిగురు గట్టిపడ్డాక కడ్డీల మీదకి దుంగని తొడగాలి. పని అంతే.

"ఎర్నీ... మెల్లగా మాట్లాడు," అన్నాడు విల్ఫ్. ముఖం సున్నం కొట్టినట్టుంది. "డ్రిల్లు పెడితే వెన్నలో కత్తిలా జారిపోయిందిరా. జిగురు పెడితే... తాగేసింది. రెండు ట్యూబులు! గటగటా తాగేసింది!"

"గోడ తాగడమేంట్రా?"

"కడ్డీ పెడితే వెనక్కి తోసింది. చూడు."

కుడివైపు కన్నంలో కడ్డీ దింపాడు. ఒక్క క్షణం ఏం కాలేదు. తర్వాత — ఠక్! కడ్డీ ఎగిరొచ్చి తివాచీ మీద పడింది.

నా గుండె కూడా దాని పక్కనే పడింది.

"నడిమిది పెట్టి చూడు," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

పెట్టాడు. అది ఎగరలేదు. మెల్లగా... చాలా మర్యాదగా... అంగుళం అంగుళం వెనక్కి వచ్చి, విల్ఫ్ అరచేతిలో ఒదిగింది.

విల్ఫ్ వేలి కణుపుతో గోడ మీద మూడుసార్లు కొట్టాడు. టక్... టక్... టక్.

లోపల్నించి — టక్, టక్, టక్!

ఆ వెంటే ఎడమ కన్నంలోంచి సన్నగా, వణుకుతూ ఓ గుసగుస: "వెళ్ళిపో... వెళ్ళిపో..."

నేను వెళ్ళిపోవడానికి సిద్ధంగానే ఉన్నాను. కానీ ఇంతలో వంటింట్లోంచి హిల్డా వచ్చింది, చేతులకి పిండి, నడుముకి ఏప్రన్. మమ్మల్నిద్దర్నీ చూసింది. గోడని చూసింది. "తప్పుకోండి. ఇద్దరూ కలిపి ఒక మగాడు కూడా కాలేకపోయారు," అని, వంగి ఆ ఎడమ కన్నానికి నోరు ఆనించింది.

"అవ్వా," అంది బతిమాలుతూ. "నాకు నగలొద్దు, డబ్బొద్దు. మా నాన్న గడియారం ఒక్కటే. ఒక్క షెల్ఫ్ నిలబడనియ్యి... నీకు పుణ్యముంటుంది."

గోడ అవతల కెవ్వుమని కేక! ఏదో బోర్లాపడ్డ చప్పుడు. పరుగెత్తే అడుగులు. తలుపు ధడేల్మంది.

"దెయ్యానికి... తలుపెందుకు?" అన్నాడు విల్ఫ్ గుసగుసగా.

వంటింట్లో మాంసం చిటపటలాడుతోంది. అయిదు దాటింది... వీధి తలుపు దానంతటదే తెరుచుకుంది.

ఎడ్నా! ఓ చంకలో మడతపెట్టిన దుప్పటి. రెండో చేత్తో ఓ బక్కపలచని పెద్దమనిషి చొక్కా కాలరు. ఆయన బట్టతల నిండా బూడిదరంగు జిగురు గడ్డకట్టి కిరీటంలా ఉంది. చేతిలో పొయ్యి ఎగదోసే ఇనప చువ్వ.

"ఇదిగో, మీ దెయ్యం," అంది ఎడ్నా. "బస్సు దిగుతుంటే దొరికింది. ఆగ్నెస్ అవ్వ గోడలోంచి తనతో మాట్లాడిందని వీధంతా అరుచుకుంటూ వస్తోంది."

ఆయన పేరు పెర్సీ. వెనక వీధిలో కాపురం. మా ఇళ్ళు వీపుకి వీపు ఆనించి కట్టినవి. వెనక ఇల్లంటే అదే గోడకి అవతలి వైపు. కానీ అక్కడికి వెళ్ళాలంటే వరసంతా చుట్టి రావాలి గనక, అటువైపు మనుషులున్నారన్న సంగతే మేం మర్చిపోతాం. అటువైపు వాళ్ళూ అంతే. నడుమ ఉన్నది ఒక్క ఇటుక మందం గోడ. మా విల్ఫ్ దాన్ని కోటగోడ అనుకుని జానెడు పొడుగు కన్నాలు వేశాడు!

"పేపరు చదువుకుంటున్నానండీ," అన్నాడు పెర్సీ ఏడుపుగొంతుతో. "గోడ నా నెత్తిన ఉమ్మేసింది. తల తిప్పి చూస్తే గోడకి వేలు మొలిచింది! చువ్వతో పొడిచాను. తప్పా?"

"ఏం తప్పు లేదు," అంది ఎడ్నా. "మరిదీ, నీకు బళ్ళో లెక్కలు చెప్పిన మేష్టారు ఇంకా బతికే ఉన్నాడా?"

విల్ఫ్ గబగబా కడ్డీలు కురచగా కోశాడు. కన్నాల్లో కాగితం కుక్కి, మిగిలిన ఒక్క ట్యూబు జిగురూ పిండాడు. గంటసేపు ఎడ్నా ఒళ్ళో దుప్పటి పెట్టుకుని కుర్చీలోంచి కదల్లేదు. హిల్డా మాంసం కింద మంట తగ్గించడం, పెంచడం, గోడ వైపు చూడడం. పెర్సీ నెత్తిన జిగురు మేం వంతులేసుకుని గీకాం. ఆఖరికి దుంగ ఎక్కించాం. రసమట్టం పెట్టాం. బుడగ నడుమన నిలిచింది. హిల్డా మంచం కిందనుంచి తువ్వాలు చుట్టిన గడియారం తెచ్చి నడుమన పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ కీ ఇచ్చింది.

టిక్... టిక్...

"ఊఁ," అంది ఎడ్నా. దుప్పటి మాత్రం ఇంకా చంకలోనే ఉంది. "రాత్రి దాకా నిలబడితే చూద్దాం."

బల్ల సర్దాం. మాంసం కొంచెం ఎండిపోయింది గానీ మాంసంతో నంజుకునే హిల్డా పిండి పుడ్డింగులు మాత్రం టోపీల్లా పొంగాయి. గ్రేవీ గిన్నె అందుకుంటూ పెర్సీ అన్నాడు, "అయినా ఆ రెండు కడ్డీలూ ఎంత గట్టిగా పొడిచానో!"

"మూడు," అన్నాడు విల్ఫ్.

"రెండేనండీ. ఎడమదీ కుడిదీ. నడుమన అటువైపు కన్నమే పడలేదు. అక్కడ మీ పొగగొట్టం కదా. అందులో ఎవరుంటారు?"

ఎవరి ఫోర్కు అక్కడే ఆగిపోయింది.

మర్యాదగా వెనక్కి వచ్చిన ఆ నడిమి కడ్డీ... నేనూ విల్ఫూ ఒకరినొకరం చూసుకున్నాం. తర్వాత అందరం షెల్ఫ్ వైపు చూశాం. గడియారం నడుమన లేదు. ఓ నాలుగు వేళ్ళ మేర పక్కకి ఉంది. టిక్కుటిక్కుమంటూనే ఉంది.

మొదట లేచింది ఎడ్నా. మాటా పలుకూ లేకుండా ఓ కప్పు తీసింది. టీ పోసింది, పాలు పోసింది, రెండు చెంచాల చక్కెర వేసింది. వెళ్ళి షెల్ఫ్ నట్టనడుమ పెట్టింది. దుప్పటి తీసి చెల్లెలి భుజాన కప్పింది.

"గడియారం ఇక్కడే ఉండనీ," అంది. "నేను పట్టుకెళ్తే ఆ అవ్వ కూడా నా వెంట బస్సెక్కితే? టిక్కెట్టు నేను కొనాలి."

హిల్డా అక్క చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"చాల్లే, పుడ్డింగులు చల్లారిపోతున్నాయి. కూర్చోండి," అని కసిరింది ఎడ్నా.

కూర్చున్నాం. ఈసారి అయిదుగురమూ కుర్చీలు షెల్ఫ్ వైపే తిప్పుకుని, కడుపునిండా తిన్నాం.