పచ్చికలో తెరిచిన గోతులు

వెర్నా థర్టిల్ పార చేత్తో పట్టుకునే ప్రైవేట్ డిటెక్టివ్ ఐవీ లార్టర్ ఆఫీసులోకి వచ్చింది. తడిసిన కోటు విప్పకుండా కుర్చీ అంచున కూర్చుంది.

"రైతు గూచ్ గారి గుర్రం పచ్చికలో గోతిలో కాలేసింది. కాలు విరిగితే చంపేయాల్సొచ్చింది. గోతులు పూడ్చకుండా వదిలేసింది నేనేనట. ఇక పొలంలోకి రావద్దన్నారు. మా ఆయన పోయాక నాకు మిగిలింది అక్కడ పాత నాణేలు వెతుక్కునే ఆదివారాలేనండీ."

ఐవీ కళ్ళు నులుముకుంది. వారమంతా ఎవరి మొగుడినో కాపలా కాస్తూ కారులోనే గడిపిన మనిషి. ఈ కేసు వద్దంటుందేమోనని అసిస్టెంట్ ప్రూ అనుకుంది.

"అక్కడ తవ్వడానికి ఇంకెవరికి అనుమతుంది?"

"రెజ్ డాసన్ గారొక్కరికే. నాకు మెటల్ డిటెక్టర్‌తో వెతకడం నేర్పిందీ, ఈ తోటపార కొనిపించిందీ ఆయనే. గోతిలో గుచ్చి వెతికే చిన్న యంత్రం, మట్టి పోసుకునే గుడ్డ కొత్తవాళ్ళకి దండగన్నారు."

ఐవీ ఆఫీసు పెరట్లో ఒక ఇత్తడి గుండీ పాతించి తవ్వమంది. వెర్నా బయట పెట్టిన తన డిటెక్టర్ తెచ్చి, అది మోగినచోట పార దించింది. గుండీ దొరికేసరికి గొయ్యి బకెట్ పట్టేంత అయింది. మట్టంతా గడ్డి మీదే.

"నా పూలమొక్క పాయె," అంది ప్రూ.

"గొయ్యి చూడవే, మొక్కలెప్పుడూ ఉండేవే," అంది ఐవీ.

సాయంత్రం గూచ్ పచ్చికబయలు చూపించాడు. గోతులు జానెడు వెడల్పైనా లేవు. అంచుల్లో గడ్డివేళ్ళు రంపంతో కోసినట్టున్నాయి. చుట్టూ గడ్డి మీద మట్టి రవ్వంతైనా లేదు. అదంతా పక్కనున్న కాలవలో కుప్పలుగా పడి ఉంది. ఐవీ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచి, అందరినీ గూచ్ వంటింటికి పిలవమంది.

రెజ్ నడుముకు పళ్ళున్న చేతిపార వేలాడదీసుకుని వచ్చాడు.

"ఎందుకమ్మా ఈ పంచాయితీ? కొత్తది, తెలియక చేసింది."

"తెలియనిదైతే పెద్ద గొయ్యి తవ్వేది," అంది ఐవీ. "ఇవి చిన్నవి. వేళ్ళు కోసింది పళ్ళున్న పనిముట్టు. ఆమె దగ్గర ఉన్నది నున్నటి పార. పైగా గడ్డి పాడవకుండా మట్టిని గుడ్డ మీద పోశారు. పొలం పాడుచెయ్యడానికి వచ్చినవాడు కూడా ఆ అలవాటు మానలేకపోయాడు. గోతులు తెరిచి ఉంచాలి కాబట్టి మట్టి మోసుకెళ్ళి కాలవలో పారేశాడు. ఇక్కడికి రాగలిగేది ఇద్దరే, రెజ్ గారూ."



"వచ్చిన రెండు నెలలకే దానికి రోమన్ వెండి నాణెం దొరికింది," అన్నాడు రెజ్, బల్ల వైపు చూస్తూ. "ఇన్నేళ్ళూ నాకు డబ్బా మూతలు. నింద పడితే తనే వెళ్ళిపోతుందనుకున్నా. గుర్రం సంగతి తట్టలేదు గూచ్, ఒట్టు."

"నా ఇంట్లోంచి నడు," అన్నాడు గూచ్. తలుపు మూసుకున్నాక వెర్నా వైపు తిరిగాడు. "తప్పు నాదేనమ్మా. పొలం నీదే అనుకో. ఈ ఆదివారమే రా."

వెర్నా తలూపింది. మెల్లగా అంది.

"వస్తాను. కానీ టీ ఎప్పుడూ రెజ్ గారే తెచ్చేవారు, ఇద్దరికీ."

ప్రూ కారు తాళాలు తీసింది.