విరిగిన బాంగ్డా

పెనం మీద నూనె చిటపటలాడుతోంది. సాయలీ వాళ్ళ నానమ్మ, ఆజీ, ఒక బాంగ్డా చేపను బొంబాయి రవ్వలో అటూ ఇటూ దొర్లించి మెల్లగా అందులోకి జార్చింది. పసుపు, కారం, కోకం పులుపు బాగా పట్టిన చేప. సుయ్‌మంది.

ఆ వానల్లో వెంగుర్లా మార్కెట్లో దొరికినవి రెండే బాంగ్డాలు. రేపటి నుంచి శ్రావణం. ఇక నెల్లాళ్ళు ఆ ఇంట్లో చేప ముట్టరు.

పొద్దున తాతయ్య, ఆజో, తనంతట తానే అడిగాడు, "బాం...గ్డా" అని. ఎండాకాలంలో పక్షవాతం వచ్చాక ఆయన ఫలానాది కావాలని అడగడం అదే మొదటిసారి. ఆజీ సంతోషం పట్టలేక గొడుగు కూడా మరిచిపోయి మార్కెట్‌కి పరిగెత్తింది.

ఇప్పుడు తాతయ్య వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని పెనం వైపే చూస్తున్నాడు.

ఉన్నట్టుండి వాన దంచడం మొదలుపెట్టింది.

"అయ్యో, బట్టలు! ఒసేయ్ సాయలీ, చూస్తూ ఉండు. చేప మీద చెయ్యి వెయ్యకు!" అంటూ ఆజీ పెరట్లోకి పరుగు తీసింది.

చెయ్యి వెయ్యకుండా ఉండటం సాయలీ వల్ల అయ్యే పనేనా? అట్లకాడ అందుకుంది.

"ఆ..." అన్నాడు తాతయ్య చెయ్యెత్తి.

"ఆకలా ఆజో? అయిపోయింది, ఒక్క నిమిషం!"

"ఆ... ఆ..."

"నీళ్ళా? తెస్తా ఉండు!" అని, అట్లకాడ చేప కిందికి దోపి ఒక్క తిప్పు తిప్పింది.

చర్మమంతా పెనానికి అంటుకుపోయింది. చేప రెండు ముక్కలైంది.

"ఆగు," అన్నాడు తాతయ్య. మాట అప్పటికి పూర్తయింది.

సాయలీకి ఏడుపు తన్నుకొచ్చింది. పాపం, ఆజో నోరు తెరిచి అడిగిన చేప! తను ఒక్క క్షణం విని ఉంటే!

తడిసిన బట్టలతో వచ్చిన ఆజీ పెనం చూసి నెత్తి కొట్టుకుంది. "నీ తొందర తగలెయ్య! ఇంకోటి ఉంది కదే, ఏడవకు." పెనం గీకి, మళ్ళీ నూనె పోసి, రెండో చేప వేసింది.

తాతయ్య మళ్ళీ పెదవులు కదిపాడు. ఈసారి సాయలీ నోరు గట్టిగా మూసుకుంది.

"వేగితే... అదే... వదు...లుతుంది."

సాయలీ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. అంచులు ఎర్రబడ్డాయి. అప్పుడు ఆజీ అట్లకాడ ఇచ్చింది. చేప తేలిగ్గా వదిలి రెండో వైపుకు తిరిగింది, రవ్వ ఒక్క పలుకు కూడా రాలలేదు.

భోజనాల దగ్గర ఆజీ ఆ చేపను తాతయ్య కంచంలో పెట్టింది. విరిగినది సాయలీ తన కంచంలో వేసుకుంది. తాతయ్య అన్నం ముట్టలేదు. చెయ్యి చాపి ఏదో మొదలుపెట్టాడు.

"నీళ్ళా బాబా?" అన్నాడు నాన్న.

"కారం ఎక్కువైందేమో," అంది ఆజీ.

"ఉండండి! ఆజోని చెప్పనివ్వండి," అంది సాయలీ.

తాతయ్య మాట ఆగింది, మళ్ళీ మొదలైంది.

"విరి...గింది... నాకు. మంచిది... నా... తల్లికి."

సాయలీ కళ్ళు నిండిపోయాయి. విరిగిన చేపలోంచి ముళ్ళు ఏరేసి, ఆ ముక్కలు ఆయన కంచంలో పెట్టింది.

"ఇంకా ఏమైనా చెప్తావా ఆజో?" అని అడిగి, తన అన్నం చల్లారిపోతున్నా, ఆయన ముఖం వైపే చూస్తూ కూర్చుంది.