బొట్టు లేని రేకు

బానెట్ ఇంకా వెచ్చగానే ఉంది. లోపల మనిషి మాత్రం చల్లబడిపోయాడు.

2007 నవంబరు ఒకటో తేదీ. ఉదయం ఆరున్నర. తిరువూరు నుంచి గంపలగూడెం వెళ్ళే రోడ్డులో, పత్తి గోడౌన్ పక్కన, తెల్లటి పెద్ద వ్యాన్ ఆగి ఉంది. దాని పేరు హంసయాన్. వెనక భాగంలో రెండు పడకలు, గ్యాస్ పొయ్యి, నీళ్ళ ట్యాంకు, చిన్న సింకు. ఊళ్ళో వాళ్ళు దాన్ని ఇల్లుబండి అంటారు.

ఎస్.ఐ. ప్రభుదాసు పక్కతలుపులోంచి లోపలికి తొంగి చూశాడు.

పక్క మీద శరత్‌చంద్ర. రిటైరైన లెక్కల మాస్టారు. గోడకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. చేతిలో సెల్‌ఫోన్. ముఖం ఎర్రగా, బతికున్న మనిషికన్నా ఆరోగ్యంగా కనిపిస్తోంది. ఆ ముఖం తలుపు వైపు తిరిగి ఉంది.

ఎవరికోసమో ఎదురు చూస్తున్నట్టు.

"మొదట చూసిందెవరు?"

"నేనే." గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డ పెద్దాయన అన్నాడు. అనంతపద్మనాభం. రిటైరైన లెక్చరర్. ఆయనకీ ఇలాంటి బండే ఉంది. ఇంటర్నెట్‌లో ‘హంసయాన్ కుటుంబం’ అనే గ్రూపు నడిపేది ఆయనే.

"ఎన్నింటికి?"

"ఆరింటికి. ఇంజన్ నడుస్తోంది. నేనే ఆపాను."

"ఇటెందుకొచ్చారు?"

"రాత్రి శరత్ ఫోన్ చేశాడు. బండిలో పొగ వాసన అన్నాడు. ఎప్పుడూ ఉండే గోలే. ఇంజన్ ఆపి పడుకో, పొద్దున వస్తానన్నాను. ఆపలేదు."

"ఆ వెనక కిటికీ?"

"అలాగే తెరిచి ఉంది. నేను ముట్టుకోలేదు."

వెనక కిటికీ రెండు వేళ్ళ సందు తెరిచి ఉంది. సరిగ్గా దాని కింద, బయట, సైలెన్సర్ గొట్టం.

ప్రభుదాసు లోపలికెక్కాడు. కిటికీ కింద దిండు ఉంది. దాని మీద అరచెయ్యి వేసి నొక్కాడు. దుప్పటి మీద వేశాడు. అరచెయ్యి ఒకసారి చూసుకుని దిగాడు.

బయట రోడ్డు మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. ముందురోజు సాయంత్రం మొదలైన వాన తెల్లవారుజామున నాలుగింటికి గాని వెలవలేదు.

*

ఇంజన్ పొగే చంపిందని పోస్ట్‌మార్టం తేల్చింది. మిగతాది ఊరు తేల్చేసింది.

కిటికీ తెరిచి, ఇంజన్ వేసుకుని కూర్చున్నాడంటే కావాలనే. పొగ ప్రమాదమని అందరికీ చెప్పిన మనిషికి ఆ సంగతి తెలీదా?

కారణం కూడా అందరి దగ్గరా సిద్ధంగా ఉంది. నెల రోజులుగా శరత్‌చంద్ర గ్రూపులో ఒకటే మాట రాస్తున్నాడు. ‘హంసయాన్‌లో పక్క కింద రేకు మూత దగ్గర సందు ఉంది. పొగ లోపలికి వస్తోంది. ఇంజన్ వేసి పడుకోకండి. మీ బండి కూడా చూసుకోండి.’

కింద జవాబులు.

‘నువ్వు ఎవరి మనిషివి?’

‘నచ్చకపోతే అమ్ముకో. మా బండి పేరు చెడగొట్టకు.’

‘ఇంట్లో గొడవలు వీధిలో పెట్టుకుంటామా మాస్టారూ?’

అంత అవమానం తట్టుకోలేకపోయాడని చెప్పుకున్నారు. తిట్టినవాళ్ళే జాలిగా చెప్పుకున్నారు.

శరత్‌చంద్ర భార్య కమలాంబ మాత్రం ఒప్పుకోలేదు. ఆ రోజు ఇద్దరూ భద్రాచలం నుంచి వస్తున్నారు. ఆవిడ వినగడపలో చెల్లెలి ఇంటి దగ్గర దిగిపోయింది. ఆయన ఒక్కడే తిరువూరు బయల్దేరి, వాన పెరిగాక దారిలో బండి ఆపుకున్నాడు.

"రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేశారు నాయనా." ఆవిడ ప్రభుదాసుతో అంది. "‘లెక్చరర్ గారు వస్తున్నారు. ఇంజన్ ఆపొద్దన్నారు. పొగ కళ్ళారా చూస్తారట. చూస్తే ఒప్పుకుంటారు కమలా’ అన్నారు. ఎంత సంతోషంగా చెప్పారో! చచ్చిపోదామనుకునే మనిషి గొంతా అది?"

ఆ మాట అడిగితే అనంతపద్మనాభం తల అడ్డంగా ఊపాడు. "నేనలా అనలేదు. ఆవిడ కంగారు పడకూడదని చెప్పి ఉంటాడు పాపం."

ఒకరి మాటకి ఇంకొకరి మాట. సాక్ష్యం చెప్పాల్సిన మనిషి లేడు.

*

ఆరో రోజు పొద్దున పెనుగొలను నుంచి వెంకటప్పయ్య స్టేషన్‌కి పరిగెత్తుకొచ్చాడు. పత్తి వ్యాపారి. ఆయనకీ ఇల్లుబండి ఉంది. చేతికి కొత్తగా తాయెత్తు కట్టుకున్నాడు.

"సార్, మాస్టారు రాస్తన్నాడు!"

"ఏ మాస్టారు?"

"చచ్చిపోయినాయన! గ్రూపులో! ఆయన పేరుతోనే, ఆయన ఫొటోతోనే. అదే మాట. ‘మీ బండి కూడా చూసుకోండి’ అని. లెక్చరర్ గారు తీసేస్తన్నాడు. పొద్దున్నే మళ్ళీ ఉంటంది. నిన్న మా ఆవిడ చూసి జొరం తెచ్చుకుంది."

"మీరు భయపడలేదా?"

"నేనా? నేను ఎందుకు భయపడతా?" వెంకటప్పయ్య తాయెత్తు చొక్కా చేతి కిందికి దోపుకున్నాడు. "నిద్ర పట్టట్లేదంతే."

మర్నాడు పొద్దున ఏడింటికి ప్రభుదాసు మామూలు బట్టల్లో బస్టాండ్ దగ్గర నెట్ సెంటర్‌కి వెళ్ళాడు. తిరువూరులో ఆ వేళకి తెరిచేది అదొక్కటే. నాహిద్ అనే అమ్మాయి నడుపుతుంది.

మూల కంప్యూటర్ ముందు నాహిద్ కూర్చుని టైపు చేస్తోంది. పక్క కుర్చీలో కమలాంబ.

ఇద్దరూ తలెత్తి చూశారు. నాహిద్ లేచి నిలబడింది. "తప్పా సార్? ఆంటీ రోజూ వస్తున్నారు. నేనే కొడుతున్నాను."

"ఆ అమ్మాయిని ఏమీ అనకు నాయనా. పాస్‌వర్డ్ నా పేరే. నేనే చెప్పాను."

"ఆయన పేరుతో ఎందుకమ్మా?"

కమలాంబ తెర వైపు చూసింది. అందులో చిన్న చదరంలో భర్త ఫొటో.

"వాకిట్లో ముగ్గు ఎవరైనా తొక్కి చెరిపేస్తే ఊరుకుంటామా? మళ్ళీ పెట్టుకుంటాం. వాళ్ళు చెరుపుతున్నారు. నేను పెడుతున్నాను. ఆ బళ్ళలో పిల్లలు పడుకుంటున్నారు నాయనా."

ప్రభుదాసు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆ కిటికీ రాత్రంతా తెరిచి లేదమ్మా. అంత వానలో దిండు తడవలేదు. వాన వెలిశాక ఎవరో తెరిచారు. అది నాకు మొదటి రోజే తెలుసు."

"మరి?"

"పొగ ఎటునుంచి వచ్చిందో తెలీదు. మాస్టారు చెప్పిన రేకు మూత చూశాను. గట్టిగా ఉంది. చుట్టూ నల్ల రబ్బరు. చీమ కూడా దూరదు."

"రబ్బరా?" కమలాంబ అతని వైపు తిరిగింది. "రబ్బరు లేదే! అదేగా ఆయన గోల!"

*

హంసయాన్ స్టేషన్ ఆవరణలో టార్పాలిన్ కింద ఉంది. కమలాంబ మెట్టు దగ్గర ఆగిపోయింది. లోపల పొయ్యి పక్కన ఆయన కాఫీ గ్లాసు తగిలించి ఉంది. కాసేపటికి ఎక్కింది.

హెడ్ కానిస్టేబుల్ మరియదాసు పరుపు ఎత్తి పట్టుకున్నాడు. కింద నేలలో జానెడున్నర చదరం రేకు మూత. సైలెన్సర్ పైపు రిపేరుకి తీయడానికి పెట్టింది.

కమలాంబ వంగి చూసింది.

"ఇది మాది కాదు."

"ఎలా చెప్పగలరు?"

"దసరాకి బండికి పూజ చేశాను కదా. స్టీరింగ్‌కి పెట్టాను, పొయ్యికి పెట్టాను, ట్యాంకుకి పెట్టాను. చూడు, అన్నిటికీ ఉంది. ఈ మూతకి అన్నిటికన్నా పెద్ద బొట్టు పెట్టాను. పసుపు రాసి మరీ పెట్టాను. ఆయనకి దీంతోనే భయం కదా అని."

ప్రభుదాసు టార్చి వేశాడు. స్టీరింగ్ మీద కుంకుమ. పొయ్యి మీద కుంకుమ. ట్యాంకు మీద ఎండిన పసుపు, మధ్యలో ఎర్రటి చుక్క.

రేకు మూత మీద ఏమీ లేదు. తుడిచిన మరక కూడా లేదు.

ఆ మధ్యాహ్నం మరియదాసు, ఇంకో ఇద్దరు గోడౌన్ వెనక మురుగు కాలవ వెతికారు. నాలుగింటికి రేకు దొరికింది. బురదలో బోర్లా పడి ఉంది.

తిప్పి చూశారు. బురద కింద పసుపు. పసుపు మధ్యలో బొట్టు.

*

ఆదివారం. ఉదయం పది గంటలు.

అనంతపద్మనాభం ఇంటి ముందు ఖాళీ స్థలంలో మూడు హంసయాన్‌లు వరసగా నిలబడ్డాయి. అన్నిటి వెనకా ఒకటే స్టిక్కర్. హంస బొమ్మ, కింద ‘మా కుటుంబం’. శరత్‌చంద్రకి సంతాప సభ అని గ్రూపు వాళ్ళు కలుసుకున్నారు. ప్రభుదాసు కూడా వచ్చాడు. కమలాంబని వెంటబెట్టుకొచ్చాడు.

మూడో బండి మాధవ్‌ది. ఊళ్ళో మందుల షాపు అతనిదే. సభ అవగానే భార్య అపూర్వనీ, నాలుగేళ్ళ కూతురినీ తీసుకుని తిరుపతి బయల్దేరుతున్నాడు. పాప అప్పుడే వెనక పక్క మీద బొమ్మలు పరుచుకుంది.

"సార్, త్వరగా కానిద్దామా? రాత్రికి ఒంగోలు దాటి ఎక్కడో ఆగి బండిలోనే పడుకోవాలి," అన్నాడు మాధవ్.

"ఇంజన్ నడిపి ఏసీ వేసుకునా?"

"పాపకి ఉక్క పడదు సార్."

ప్రభుదాసు సంచిలోంచి రేకు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది మాస్టారి బండిలో రేకు. అమ్మగారు పెట్టిన బొట్టు ఇదిగో. చనిపోయిన రోజు తెల్లవారుజామున ఎవరో దీన్ని ఊడదీసి, రబ్బరున్న కొత్తది బిగించారు. దీన్ని కాలవలో పడేశారు. పొగ ఎటునుంచో వచ్చినట్టు ఉండాలి కాబట్టి వెనక కిటికీ తెరిచారు. కానీ వాన పడ్డ రాత్రి దిండు పొడిగా ఉండిపోయింది."

"ఇప్పుడు ఒక చిన్న పని. మీ మీ బళ్ళలో పరుపు ఎత్తండి."

"ఎందుకు సార్, అందరివీ?" వెంకటప్పయ్య గొంతు సన్నబడింది.

"ఎత్తండి."

మరియదాసు వెంకటప్పయ్య పరుపు లేపాడు. రేకు చుట్టూ సైకిల్ ట్యూబు ముక్కలు కత్తిరించి అతికించి ఉన్నాయి.

"ఎప్పుడు చేశారిది?"

"ఎండాకాలంలో." వెంకటప్పయ్య కూలబడ్డాడు. "మా ఆవిడ కళ్ళు తిరిగి పడిపోయింది సార్. నా బండొక్కటే అట్టా వచ్చిందనుకున్నా. నలుగురికీ చెబితే... నేనే కదా అందరి చేతా కొనిపించింది! ఏం మొహంతో చెప్పను?"

"మాస్టారు చెప్పినప్పుడు?"

"తిట్టా." తాయెత్తు పట్టుకుని నలుపుతున్నాడు. "నేనే ఎక్కువ తిట్టా."

అనంతపద్మనాభం తన బండి దగ్గరికి కదలలేదు. మరియదాసే వెళ్ళి పరుపు లేపాడు. మందపాటి రేకు. చుట్టూ నల్ల రబ్బరు. శరత్‌చంద్ర బండిలో ఉన్నదానికి కవల.

"మీకు ఎప్పటినుంచి తెలుసు లెక్చరర్ గారూ?"

"సంవత్సరం నుంచి." ఆయన నేల వైపు చూస్తున్నాడు. "చిన్న లోపం. రెండు రేకులు చేయించుకున్నాను. ఒకటి స్పేర్. దానికోసం అంత మంచి బండిని బజారున పడేయడమెందుకు? ఆరోజు నిజంగానే వస్తానన్నాను. ఆ స్పేర్ బిగించి, ఇక రాయకు అని చెబుదామనుకున్నాను. వాన పెరిగింది. పొద్దున వెళ్దాంలే అనుకున్నాను."

"ఇంజన్ ఆపమన్నారా?"

ఆయన ఇంటి వైపు తిరిగాడు.

"ఆపమన్నారా?"

"ఆపొద్దన్నాను. వచ్చి వాసన చూస్తానన్నాను."

"రావట్లేదని మళ్ళీ ఫోన్ చేశారా?"

"లేదు."

కమలాంబ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పొద్దున తలుపు తీశారు. మాస్టారు తలుపు వైపే చూస్తూ కూర్చుని ఉన్నారు. మొదట ఏం చేశారు? చెయ్యి పట్టుకుని చూశారా, పరుపు ఎత్తారా?"

అనంతపద్మనాభం బల్ల మీది రేకుని దూరంగా తోశాడు.

"రోజూ ఆ ముఖమే కనపడుతోంది," అన్నాడు. "గ్రూపులో ఆ ఫొటో చెరిపేస్తాను. పొద్దున్నే మళ్ళీ నావైపే చూస్తుంటాడు."

అడిగిన ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పలేదు. ఆ తర్వాత కోర్టులో కూడా చెప్పలేదు.

అప్పుడే మూడో బండిలోంచి అపూర్వ కేక వినిపించింది. మాధవ్ పరుపు తిరగేసి మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. రేకు మూత కంపెనీ బిగించినదే. దాని మీద దసరా బొట్టు చెక్కుచెదరలేదు. మూతకీ నేలకీ మధ్య చిటికెన వేలు దూరేంత సందు. ఆ సందులోంచి కింద గడ్డి కనిపిస్తోంది.

ఇంతసేపూ సరిగ్గా దానిపైనే పాప బొమ్మలు పరుచుకుని ఆడింది.

"నాకెవరూ చెప్పలేదు," అన్నాడు మాధవ్. వెంకటప్పయ్య వైపు చూశాడు. లెక్చరర్ వైపు చూశాడు. "ఒక్కరూ చెప్పలేదు!"

కమలాంబ మెట్టు దగ్గరికి వెళ్ళి పాపని ఎత్తుకుని కిందికి దింపింది.

"ఆయన చెప్పారు బాబూ," అంది మెల్లగా. "‘ఎవరి మనిషివి’ అని నువ్వే అడిగావు."

*

మర్నాడు పొద్దున నెట్ సెంటర్‌లో నాహిద్ గ్రూపు తెరిచింది. శరత్‌చంద్ర మాట అలాగే ఉంది. చెరిపే మనిషి సబ్‌జైల్లో ఉన్నాడు.

కింద కొత్త జవాబులు. ‘నా బండిలో కూడా ఉంది. మాధవ్.’ ‘నాది కూడా. వెంకటప్పయ్య.’ తర్వాత ఎవరెవరో. భీమవరం, ఏలూరు, సూర్యాపేట. నాది కూడా. నాది కూడా.

నాహిద్ ఒక్కొక్కటీ చదివి వినిపించింది. చివరిది రాజమండ్రి నుంచి. ఇక్కడ జరిగిందేమీ తెలియని మనిషి.

‘మాస్టారూ, మీరెవరో తెలీదు. మీరు రాసింది చూసి నిన్న ఇంజన్ ఆపి పడుకున్నాం. పొద్దున చూస్తే మా బండిలోనూ సందు ఉంది. ఇద్దరు పిల్లలండి. మీరు జాగ్రత్త. ఎలా ఉన్నారు?’

నాహిద్ వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"ఆంటీ, దీనికి ఏం కొట్టమంటారు?"

కమలాంబ చిన్న చదరంలో ఉన్న ఫొటో వైపు చూసింది. బయట విజయవాడ బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

"ఇంజన్ ఆపేశానని కొట్టు తల్లీ."