నాడి తాళం

మూడోసారీ నష్టమే వచ్చింది.

విశాఖపట్నంలో ఒక గ్రంథాలయం రెండో అంతస్తులో, పైడితల్లి స్క్రీన్ వంక గుడ్లప్పగించి చూస్తూ కూర్చుంది. ఆమె రాసిన ప్రోగ్రామ్ కిందటి నెలంతా నిజమైన మార్కెట్‌లో, కొద్దిపాటి సొమ్ముతో షేర్లు కొంటూ అమ్ముతూ తిరిగింది. పక్క కుర్చీలో రంగనాయకి మేడమ్ ఆ ప్రోగ్రామ్ చేసిన పనుల చిట్టా ఒక్కో వరసే చదువుతోంది. ఆవిడ రిటైరైన కంప్యూటర్ శాస్త్రవేత్త. పొద్దుటిపూట గ్రంథాలయానికొచ్చి, అడిగినవాళ్లకల్లా కోడింగ్ నేర్పుతుంది.

"కోడ్‌లో తప్పేం లేదమ్మాయ్," అంది ఆవిడ కళ్లద్దాలు తీసి. "దాని మానాన దాన్ని వదిలేసి ఉంటే లాభమే వచ్చేది. పద్నాలుగుసార్లు నువ్వు మధ్యలో చెయ్యి పెట్టావు. పద్నాలుగుసార్లూ ధర పడుతోంటే అమ్మేయమన్నావు."

"భయమేసింది మేడమ్."

"ఆ సంగతి ప్రోగ్రామ్‌కి తెలీదుగా!"

ఆ రోజుల్లో షేర్ మార్కెట్ పాత మార్కెట్ కాదు. ఎక్స్చేంజి రేయింబవళ్లు నడిచేది. మనిషి రెప్ప వేసేలోగా పెద్ద సంస్థల ప్రోగ్రాములు వేల బేరాలు ముగించేసేవి. చేత్తో ఆర్డరు పెట్టినవాళ్లు వరస చివర నిలబడేవాళ్లు. చిన్న మదుపరులు గోల చేయగా చేయగా ప్రభుత్వం ఒక దారి చూపింది. ఎవరి ఖాతాకి వాళ్లే ప్రోగ్రామ్ రాసుకుని, కొద్ది సొమ్ముతో నడిపి చూసుకోవచ్చు. పరీక్షకు కూర్చుని, ఏ వరస ఎందుకు రాశారో చెప్పగలిగితే చాలు, దానికీ పెద్దవాటితో సమానంగా చోటిస్తారు. కొనుక్కొచ్చిన ప్రోగ్రాములు మాత్రం చెల్లవు.

పైడితల్లికి నలభై ఏడేళ్లు. ఒక గుండె ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా ఈసీజీలు తీస్తోంది. గుండెనొప్పిని గ్యాస్ అనుకుని ఇంట్లో పడుకుని, ఆఖరి ఘడియలో తన బల్ల మీదికొచ్చిన మత్స్యకారులను ఎంతమందిని చూసిందో ఆమెకే గుర్తులేదు. భీమిలి నుంచి పూడిమడక దాకా వాళ్ల పేటలకే తిరిగే ఈసీజీ వ్యాన్ ఒకటి తనకుండాలని ఆమె పట్టుదల. జీతం మిగిల్చి కొనాలంటే ఈ జన్మ చాలదు. అందుకే షేర్లు, అందుకే ఈ కోడింగ్.

మొదటి నెలంతా ఏడుపే. ఎక్కడో ఒక్క కోలన్ మరిచిపోయేది, ప్రోగ్రామ్ మొరాయించేది. డ్యూటీ మధ్యలో తీరిక దొరికితే చాలు, ఈసీజీ కాగితం గళ్లలో ఒక్కో అక్షరం పేర్చి రాసుకునేది. భర్త అప్పలనాయుడు పోర్టులో క్రేన్ నడుపుతాడు. ఆమె అవస్థ చూడలేక, "ఈ వయసులో నీకిదేటే? ఒగ్గేయ్," అన్నాడు.

"నేర్చుకున్నాక ఒగ్గేస్తాను," అంది పైడితల్లి.

ఇంత చేసీ మళ్లీ నష్టం. ఆసుపత్రికి వెళ్లాక కూడా ఆ పద్నాలుగుసార్లే బుర్రలో తిరిగాయి. మధ్యాహ్నం ఒక రోగి గుండె గీతలు చూస్తోంటే చప్పున ఏదో తట్టింది. అప్పట్లో అందరి మణికట్టుకీ నాడిపట్టీ ఉండేది. నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో అది దాచి ఉంచుతుంది. తన పట్టీలో ఆ పద్నాలుగు క్షణాలూ వెతికింది. ఒక్కచోట కూడా నాడి నూటపదికి తగ్గలేదు.

వారం తిరక్కుండానే ప్రోగ్రామ్‌ని పట్టీకి కలిపి, అందులో కొత్త వరసలు చేర్చింది. నాడి తొంభై దాటి ఉన్నప్పుడు యజమాని ఏం చెప్పినా వినకూడదు. కోడ్ మార్చమన్నా వినకూడదు. మాత్ర వేసుకుని నాడి తగ్గించుకున్నా, పట్టీ అది పసిగట్టి చెబుతుంది కనుక, ఆ రోజంతా వినకూడదు.

రంగనాయకి రెండుసార్లు చదివింది. "దీనికి మారుతాళం లేదేం?"

"ఉంటే వాడేస్తాను మేడమ్. నా సంగతి నాకు తెలుసు."

పరీక్షలో నెగ్గింది. దాచుకున్న సొమ్మంతా పెట్టి ప్రోగ్రామ్‌ని బరిలోకి దింపింది. నాలుగో నెలలో మార్కెట్ కుప్పకూలింది. పైడితల్లి ఈసీజీ గది తలుపు మూసుకుని, "అమ్మేయ్! మొత్తం అమ్మేయ్!" అని పట్టీలోకి అరిచింది.

"మీ నాడి నూటఇరవై ఒకటి. ఆర్డరు తీసుకోను," అంది పట్టీ.

తిట్టింది, బతిమాలింది. అది చలించలేదు. మూడు వారాలకు మార్కెట్ తేరుకుని, పోయినదానికి రెట్టింపు తెచ్చిపెట్టింది. నాడి తాళం పెట్టుకుంటామని గ్రంథాలయంలో పదిమంది వరస కట్టారు. పైడితల్లి వాళ్లకు ఓపిగ్గా నేర్పింది.

మరో పద్నాలుగు నెలలకు ఫోనొచ్చింది. మూతపడుతున్న ఒక ఆసుపత్రి తన ఈసీజీ వ్యాన్ అమ్మేస్తోంది. రెండేళ్ల బండి, లోపల మిషనుతో సహా. వాళ్లడిగిన ధర, పైడితల్లి షేర్ల విలువ సరిగ్గా సరిపోయాయి.

"ఇంకొకరు కూడా అడుగుతున్నారమ్మా," అన్నాడు అవతలి మనిషి. "సాయంత్రం అయిదులోగా మీరు డబ్బు పంపితే బండి మీదే."

అప్పుడు రెండు గంటలైంది. పైడితల్లి ఫోన్ పెట్టేసింది. "షేర్లన్నీ అమ్మేయ్," అంది.

"మీ నాడి నూటపన్నెండు. ఆర్డరు తీసుకోను."

ఆమె నవ్వేసింది. మంచినీళ్లు తాగి, సెలవు పెట్టి ఇంటికెళ్లి పడుకుంది. తొంభై ఎనిమిది. కళ్లు మూసుకుంది. తొంభై మూడు. అంతలో జాలరిపేట ఇసుకలో ఆగిన తెల్లటి వ్యాన్ కళ్లముందు మెదిలింది. నూటఏడు.

సంగతి తెలిసి అప్పలనాయుడు షిఫ్టు వదిలి పరుగున వచ్చాడు. "మాత్రేదో ఏసుకోవే, బేగి!"

"ఆ దారి కూడా నానే మూసేశాను."

"పోనీ నాను సెప్తాను, అమ్మేయమని."

"ఖాతా నాది. నీ మాట వినదు."

రంగనాయకికి ఫోన్ చేసింది. "గుండె కొట్టుకోవడం భయంతోనా, సంతోషంతోనా అని తేడా చెప్పే వరస రాయలేదు కదూ మనం?" అంది ఆవిడ.

"ఎలా రాస్తాం మేడమ్? గళ్ల కాగితం మీద రెండూ ఒకేలా పడతాయి. ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను."

నాలుగున్నరకి తొంభై నాలుగు. పావు తక్కువ అయిదుకి తొంభై రెండు. గడియారం చూడగానే నూటపదిహేను. అయిదూ అయిదుకి ఫోన్ మోగింది. బండి వేరేవాళ్లకి వెళ్లిపోయిందని, ఏమీ అనుకోవద్దని అవతలి మనిషి నొచ్చుకుంటూ చెప్పాడు.

పైడితల్లి ఫోన్ పక్కన పెట్టి, గోడకానుకుని నేలమీద కూర్చుంది. అప్పలనాయుడు టీ కాచి తెచ్చాడు. టీ చల్లారిపోయింది. పట్టీ మీద పచ్చ దీపం వెలిగింది.

"మీ నాడి డెబ్భై నాలుగు. ఆర్డరు చెప్పండి."

అప్పలనాయుడికి మండిపోయింది. "దీన్ని తీసి సముద్రంలో పారెయ్యే!"

పైడితల్లి ముఖం తుడుచుకుంది. పట్టీని నోటి దగ్గరికి తెచ్చుకుని, "షేర్లన్నీ అమ్మేయ్," అంది మెల్లగా. క్షణంలో అమ్ముడైపోయాయి.

"బండి పోయింది కదే!" అప్పలనాయుడు తెల్లబోయాడు. "ఇప్పుడెందుకు అమ్మినావు?"

"ఇంకో బండి దొరక్కపోదు. అది దొరికిన రోజున నాకు మళ్లీ సంతోషం రాకుండా ఉంటదేటి?" అంది పైడితల్లి. "ఏడుపులో ఉన్నప్పుడే అమ్ముకోవాలి."