పలుపుతో ఇచ్చిన మోటారు

దబీర్‌పురాలో మా ఇల్లంటే సగం ఇల్లు, సగం కొట్టం. దర్వాజా దాటి వాకిట్లోకి వస్తే ఒకపక్క బర్రెలు, ఇంకోపక్క మా మంచాలు, మధ్యన రేకుల కింద నా చిన్న మోటారు. రెండే సీట్లు, ఆకుపచ్చ రంగు, పైకప్పు గుడ్డ ఎప్పుడో చినిగిపోయింది. ఒక డాక్టరు దగ్గర పాతది తీసుకున్నాను. దాని ఎడమ తలుపు నేను కొన్ననాటి నుంచీ తెరుచుకోలేదు. ఎక్కాలంటే నా భార్య ఆండాలు కుచ్చిళ్లు ఎగ్గట్టి, తలుపు మీది నుంచి కాలు వేసి లోపలికి దూకేది. దూకిన ప్రతిసారీ నవ్వేది. మా బాపు మొగులయ్య మాత్రం ఆ బండిని "పడ్డ" అనేవాడు. ఇంకా ఈనని బర్రె లెక్క, తింటది గానీ పాలియ్యది అని ఆయన ఎత్తిపొడుపు.

పెట్రోలుకు ఇంకా రేషను చీటీలు రాని రోజులవి. యుద్ధం వస్తుందని అంటున్నారు గానీ రాలేదు. పొద్దున్నే నవాబుల దేవిడీలకు పాలు పంపించేశాక నాకు కాలు నిలిచేది కాదు. చిన్న బండి ఎత్తు మీద మూలిగేది. నయాపూల్ మీద ఎవడైనా పెద్ద బండివాడు నన్ను దాటిపోతే ఆ పూట అన్నం సహించేది కాదు. ఇంకో బండి కావాలి, ఇంతకంటే పొడుగుది, ఇంతకంటే ఉరుకు ఉన్నది. పడుకున్నా అదే, లేచినా అదే.

అలాంటి సమయంలో బట్టల సావుకారు రామలింగం సేఠ్ కబురు పెట్టాడు. చాంద్రాయణగుట్ట రోడ్డు మీద ఆయనకు తోట బంగ్లా ఉంది. వెనక షెడ్డులో, గుడ్డ కప్పి, ఎర్ర మోటారు. గుడ్డ తీయగానే దాని చుట్టూ రెండుసార్లు తిరిగాను. అదీ రెండు సీట్లదే, కానీ ముందుభాగం ఎంత పొడుగో! ఇంజను మూత మీదుగా వెడల్పాటి తోలు పట్టీ, ఇత్తడి బకిల్సు. ఉరికే బండ్లకు మూత ఎగిరిపోకుండా అలా పట్టీ కడతారు. నా చిన్నదానికీ ఉంది, కానీ దీని ముందు అది నాడా ముక్క.

"పైన ఏమియ్యకు అంజన్," అన్నాడు సేఠ్. "నీ బండి ఈడ ఇడువు, గిది తీస్కపో. రెండు దినాలు నడిపి సూడు. నచ్చితే నీది. నచ్చకుంటే తెచ్చియ్యి."

ఇంత బండిని నా పడ్డకు మార్పిడా? అనుమానం రావాలి. రాలేదు. నా కళ్లు ఆ ఎరుపు మీదే ఉన్నాయి.

మా ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. బర్రెను అమ్మితే పలుపు ఇవ్వరు. కొన్నవాడు తన తాడు తెచ్చుకోవాలి, అమ్మినవాడు తన తాడు విప్పి ఇంట్లో పెట్టుకోవాలి. తాడు పోతే కొట్టంలో లక్ష్మి పోతుందని మా వాళ్ల భయం. చేతికి అలవాటైన పని గనుక నేను నా చిన్న బండి పట్టీ విప్పి భుజాన వేసుకున్నాను. "సేఠ్, మీది మీరు తీస్కోండి," అన్నాను.

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "వద్దు వద్దు. అది దానితోనే పోనీ."

ఎర్ర బండి మా వాకిట్లోకి వచ్చేసరికి బర్రెలన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. బాపు హుక్కా పక్కన పెట్టి వచ్చి, బండి చుట్టూ తిరిగి, పట్టీ దగ్గర ఆగాడు.

"పట్టీతోనే ఇచ్చిండా?"

"గిది మోటారు, బాపూ. బర్రె కాదు."

"గట్లనా? మరి నీ పడ్డ పట్టీ ఎందుకు తెచ్చినవ్?"

ఆ పట్టీని కొట్టంలో పలుపుల పక్కన మేకుకు తగిలించాను.

బాపు గొంతు తగ్గించాడు. "మనిషి పానం తీసిన బర్రెను ఇస్తరు గట్ల, తాడుతోని. మర్లి ఇంటి మొకం సూడొద్దని. నాకైతే మంచిగ అనిపిస్తలేదు కొడుకా."

ఆ రాత్రి నాకు కునుకు పట్టలేదు. ఉంచుకోవాలా, వాపస్ ఇవ్వాలా? ఉంచుకుంటే బాపు నెల రోజులు మాట్లాడడు. ఇచ్చేస్తే నాకు మళ్లీ ఆ మూలిగే పడ్డే గతి. ఇటు దొర్లాను, అటు దొర్లాను. ఆండాలుకు విసుగొచ్చింది.

"ఇగో," అంది. నన్ను ఆమె పిలిచే పిలుపు అదొక్కటే. పేరు పెట్టి పిలవదు కదా. "రేపు పొద్దుమీకి పాలు పిండినంక నన్నొక్కసారి తిప్పు. ఉంచుకోవాల్నో వద్దో నేను చెప్త. నేను వద్దంటే లొల్లి చెయ్యకుంట ఇచ్చి రావాలె. సరేనా?"

"సరే," అన్నాను. నిజం చెప్పాలంటే ఆమె ఔననాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. బాపు అడ్డు ఎలా తీసేయాలా అని ఆలోచిస్తే తెల్లవారుజామున తోవ దొరికింది. పట్టీయే కదా తప్పు? పట్టీ విప్పి వాళ్ల ఇంట్లో ఇచ్చేస్తే అయిపోయె!

పొద్దున ఎర్ర బండిలోనే వెళ్లాను. సేఠ్ దుకాణానికి పోయాడట. వరండాలో ఆయన తల్లి వాసవాంబ ఒక్కతే కూర్చుని ఉంది. మా పద్ధతి ఇదీ అని చెప్పి పట్టీ ఆమె చేతిలో పెట్టాను. ముసలామె దాన్ని రెండు చేతులా అందుకుని కళ్లకు అద్దుకుంది. లోపల్నుంచి కుంకుమ తెచ్చి ఆ తోలుకు బొట్టు పెట్టింది. తోలు పట్టీకి బొట్టెందుకో నాకు అర్థం కాలేదు, అడగలేదు కూడా.

వెళ్లేటప్పుడు గాలిలా వెళ్లిన బండి తిరుగుదారిలో కదలనని మొరాయించింది. అమ్మిన బర్రెను కొత్త ఇంటికి తోలుకుపోతుంటే ఇలాగే కాళ్లు తన్నిపెట్టి వెనక్కి గుంజుతుంది. నాకది తెలుసు. తెలిసీ, క్లచ్చి అరిగిందేమో అనుకున్నాను.

సాయంత్రం పాలు పిండి, చేతులు కడుక్కుని ఆండాలు వచ్చింది. ఆమె తలలో పూలు ఉండవు. మా ముత్యాలు అనే బర్రె ఆమె చేతికి తప్ప ఇంకెవరి చేతికీ పాలు చేపదు. మల్లెపూల వాసన వస్తే ఆమెక్కూడా చేపదు. అందుకని పెళ్లయిన కొత్తలోనే పూలు మానేసింది. బర్రె కోసం పూలు మానుకున్న మనిషి. అదంటే నాకు ఎంత ఇష్టమో ఎప్పుడూ ఆమెకు చెప్పలేదు.

ఎర్ర బండి ఎడమ తలుపు నేను మర్యాదగా తెరిచి పట్టుకున్నాను. ఆమె నన్ను చూసి నవ్వి, దాన్ని మళ్లీ మూసి, మీది నుంచే కాలు వేసి దూకింది. "అలవాటు పోతదా!" అంది.

చార్మినార్ దాకా వెళ్లి వద్దామనుకున్నాం. దీపాలు పెట్టే వేళ. అత్తరు దుకాణాలు, కబాబుల పొగ, టాంగాల గంటలు. షాలిబండ మలుపు దగ్గర నేను వెనక్కి తిప్పబోయాను. స్టీరింగు తిరగలేదు. బండి దక్షిణానికి సాగింది.

"ఎటు పోతున్నవ్?"

"నేను పోతలేను..."

బ్రేకు తొక్కాను. మెత్తగా, బురదలో కాలు పెట్టినట్టు దిగిపోయింది. అలియాబాద్ దర్వాజా దాటాం. ఇళ్లు పలచబడ్డాయి. రెండు పక్కలా చింతచెట్లు. చీకటి... ఇంజను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. అప్పుడు వాసన వచ్చింది. తడిసిన మల్లెపూలు.

"నువ్వు పూలు పెట్టుకున్నవా?"

"లేదు." ఆమె కాళ్లు పైకి ముడుచుకుంది. "ఇగో... నా కాళ్లకాడ ఎవరో కూసున్నరు."

బండి దీపాలు ఆరిపోయాయి.

నాకేమీ కనబడలేదు. బండి మాత్రం తోవ తెలిసినట్టే పోతోంది. "ఆండాలూ..." జవాబు లేదు. "ఆండాలూ!" చేయి చాచి ఎడమ సీటు తడిమాను. తోలు తగిలింది. చల్లటి, తడి తోలు. మనిషి లేదు... మళ్లీ తడిమాను. ఈసారి నా మణికట్టు మీద ఒక చెయ్యి పడింది.

"ఉన్నా," అంది.

దీపాలు వెలిగాయి. ఆండాలు నిటారుగా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నాకు ఏడుపొచ్చింది. దేవుడా, బతికించావు అనుకున్నాను.

సేఠ్ బంగ్లా గేటు బార్లా తెరిచి ఉంది. బండి తిన్నగా షెడ్డులోకి వెళ్లి, దానంతటదే ఆగింది. ఆండాలు తలుపు తెరుచుకుని దిగింది. రామలింగం సేఠ్ లాంతరు పట్టుకుని ఉరికి వచ్చాడు.

"పట్టీ ఎందుకు తెచ్చిచ్చినవయ్యా," అన్నాడు గుసగుసగా. "మా తమ్ముని భార్య, నాగమణమ్మ... పోయినేడు తల నిండ మల్లెపూలు పెట్టుకొని గీ బండి ఎక్కి పోయింది. బండి ఒక్కటే వచ్చింది. ఎంతమందికిచ్చినా మర్లి వస్తున్నది. పట్టీతోని ఇస్తే రాదని మీవోళ్లే ఎవరో చెప్పిరి. అందుకే..."

వాసవాంబ పళ్లెంలో పసుపు నీళ్లు తెచ్చింది. ఆయన్ని గానీ నన్ను గానీ చూడలేదు. ఆండాలుకు దిష్టి తీసి, చెంపలు నిమిరి, చెవిలో ఏదో చెప్పింది. ఆండాలు తల ఊపింది. పాపం, భయంతో మాట పడిపోయింది అనుకున్నాను.

"నీ బండి తీస్కొని పో," అన్నాడు సేఠ్. "ఇప్పుడే పో." షెడ్డు తలుపులు మూసి గొలుసు వేశాడు.

నా చిన్న మోటారు బంగ్లా వాకిట్లో ఉంది. ఎన్నడూ లేనిది ఒక్క తిప్పుకే అందుకుంది. నేను హ్యాండిలు తీసి వచ్చేసరికి ఆమె ఎక్కి కూర్చుని ఉంది. బయలుదేరుతుండగా షెడ్డు లోపల్నుంచి సన్నగా వినబడింది.

"ఇగో..."

నా చెయ్యి గేరు మీద ఆగింది. పక్కనుంచి ఆమె నా చేతి మీద చెయ్యి వేసింది. "పోదాం," అంది. వేడెక్కిన ఇంజను చల్లారేటప్పుడు ఇనుము రకరకాలుగా చప్పుడు చేస్తుంది. అదే అయి ఉంటుంది. అదే అని నాకు నేను చెప్పుకున్నాను. ఇల్లు చేరేదాకా చెప్పుకుంటూనే ఉన్నాను.

మా దర్వాజా ముందు బండి ఆపాను. ఆమె ఎడమ తలుపు తెరుచుకుని దిగింది.

కీచుమని కూడా అనలేదు ఆ తలుపు. ఆమె ఇంట్లోకి వెళ్లాక దాన్ని మూసి, మళ్లీ తెరవబోయాను. రాలేదు. రెండు చేతులా గుంజాను. రాలేదు.

రాత్రంతా మంచం మీద కూర్చున్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. గదిలో మల్లెల వాసన.

తెల్లవారుజామున ఆమె పాలు పిండే సర్వ తీసుకుని కొట్టంలోకి వెళ్లింది. నేనూ వెళ్లాను. చూడకుండా ఉండలేకపోయాను. ముత్యాలు కింద కూర్చుని పొదుగు కడిగింది, చన్నులు పట్టింది. ఒక్క చుక్క రాలేదు. బర్రె తోక బిగబట్టి, గోడకు నడుము ఆనించి వణుకుతోంది. "పిండు, ఆండాలూ," అన్నాను. ఆమె పిండుతూనే ఉంది. సర్వ ఎండిపోయి ఉంది.

అప్పుడు గల్లీలో మోటారు చప్పుడైంది. పెద్ద బండి. మా దర్వాజా ముందుకు వచ్చి ఆగింది. ఇంజను ఆగలేదు.

ముత్యాలు చెవులు నిక్కబొడిచి దర్వాజా వైపు తల తిప్పింది. సన్నగా అరిచింది, రోజూ ఆండాలు సర్వ చప్పుడు వినగానే అరిచే అరుపు. ఎవరి చెయ్యీ తగలకుండానే నాలుగు చన్నుల నుంచీ పాలు ధారగా కారడం మొదలుపెట్టాయి.

నేను ఉరికిపోయి గొళ్లెం పట్టుకున్నాను.

"తీయకండి," అంది బర్రె కింద కూర్చున్నామె. తల ఎత్తలేదు. చేతులు ఇంకా పిండుతూనే ఉన్నాయి. "నేను చెప్తున్నా కదా. తలుపు తీయకండి."

బయట ఎవరో మోటారు తలుపు మీది నుంచి కిందికి దూకిన చప్పుడైంది. పాలు కొట్టం నేల మీద పారుతూ నా కాళ్ల దాకా వచ్చాయి.