కిటికీ కింద ఆటో

పొద్దున ఆరు కాకముందే మల్లికార్జున డీజిల్ ఆటో డుర్రుమంది. పెనుకొండ బస్టాండు వెనక ఆ ఇరుకు సందులో అందరికీ అదే అలారం. అరగంటసేపు ఆగకుండా మోగుతుంది, కూతురు వసుధ పడుకునే గది కిటికీ కిందే.

ఊరికే కాదులెండి. నిరుడు పిల్లకు తెల్లారుతూ ఊపిరాడని రోజు ఆటో స్టార్టు కాక పావుగంట పోయింది. ఆ భయం మల్లికార్జునను ఇంకా వదల్లేదు. అందుకే పిల్లకు ఆయాసం వచ్చే వేళకు ఇంజను సిద్ధంగా ఉంచుతాడు.

ఆరోజూ వసుధ దగ్గుతూనే లేచింది. తొమ్మిదేళ్ల పిల్ల, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"అంతా నీ చామంతులే అమ్మా!" తల్లి యల్లక్క మీద విరుచుకుపడ్డాడు మల్లికార్జున. "పుప్పొడి పడదని డాక్టరమ్మ చెప్పినా వింటివా?"

"నీ పెండ్లికి ముందునుంచి ఉండాయిరా అవి. అప్పుడు ఎవరికొచ్చింది ఆయాసం?"

అతను వింటేగా! వాకిట్లోకి పోయి చామంతి మడి మొత్తం వేళ్లతో పెరికేశాడు. ఆ పూలే అమ్మి కొడుకును పెంచిన యల్లక్క గడపమీద కూలబడింది. కోపానికి కళ్లెక్కడుంటాయి?

వారం తిరక్కుండానే పిల్లకు మళ్లీ ఆయాసం. హిందూపురం తీసుకుపోయారు. డాక్టరమ్మ మందు పీల్పించి, పిల్ల కుదుటపడ్డాక అడిగింది.

"ఆటో ఎక్కడ పెడతావప్పా?"

"పిల్ల కిటికీ కిందే మేడమ్. బిరీన ఎక్కించొచ్చని."

"పొద్దున అరగంట ఇంజను ఆన్‌లోనే పెడతాడు మేడమ్," అంది భార్య సుచిత్ర.

డాక్టరమ్మ నిట్టూర్చింది. "పుప్పొడి ఒక్కటే అయితే ఒళ్లు కొంత ఓర్చుకునేదేమో. డీజిల్ పొగ ఊపిరి గొట్టాలను రేపి పెడుతుంది. అప్పుడు చిటికెడు పుప్పొడికి కూడా ఒళ్లు శత్రువొచ్చినట్టు తిరగబడుతుంది. ముందు ఆ పొగ ఆపు."

ఇంటికి రాగానే మల్లికార్జున తల్లి కాళ్లమీద పడ్డాడు.

"అమ్మా, నిన్ను తిడితి. నా బిడ్డ గొంతు నేనే పిసికితినే!"

"నీకేం తెలుసురా కొడకా. పానమంతా దానిమీదే పెట్టుకుంటివి." యల్లక్క అతని తల ఒళ్లోకి లాక్కుంది.

"రేపటినుంచి ఆటో సందు బయట పెడతా."

"అది సరే," అంది సుచిత్ర. "బస్టాండు పొగ ఎవరు ఆపుతారు? ఈ ఇల్లిడిచి యాడికి పోదుము?"

మల్లికార్జున ఇంక ఆపుకోలేక వెక్కి వెక్కి ఏడ్చాడు. నాయన ఏడవడం వసుధ ఎప్పుడూ చూడలేదు. దగ్గరికొచ్చి, లంగా అంచుతో అతని మొహం తుడిచింది.

"అంత గట్టిగా ఏడవద్దు నాయనా. నీకూ నా మాదిరే ఆయాసం వస్తే, నన్ను ఆస్పత్రికి ఎవరు తీసుకపోతారు?"