పాత లైను చెల్లుతుంది

పార్కులో కప్పుల చోటు దగ్గరికి చీకటి పడ్డాక ఎవరూ పోరు. కుక్కలు కూడా అంతే. మొరుగుతూ పరిగెత్తుకొచ్చి, అక్కడికి రాగానే టక్కున ఆగి, ఒకదాని వెనక ఒకటి నిలబడతాయంట. కుక్కలెక్కడన్నా వరసలో నిలబడతాయా? అక్కడ నిలబడతాయి.

చూడ్డానికి అక్కడేం లేదు. ఓ గుండ్రటి సిమెంటు దిమ్మ, దాంట్లోంచి పైకి పొడుచుకొచ్చిన తుప్పు బోల్టులు. మొన్నటిదాకా దాని మీద కప్పులాట ఉండేది. మనిషి పట్టేంత పెద్ద కప్పులు. ఎక్కి కూర్చుంటే గిర్రున తిరిగేవి. పార్కు పుట్టినప్పట్నుంచీ ఉన్న ఆట. ఇప్పుడు ఆ జాగాలో పైకెక్కి కిందకి దూసుకొచ్చే కొండరైలు కడతారని, కప్పులన్నీ ఊడబీకి పార్కు అవతలి కొసకి మార్చేశారు.

మార్చేముందు పెద్ద గొడవే అయింది. "పాత ఆటని కదిలించకండయ్యా, ఉసురు తగులుతుంది" అంది టిక్కెట్లు చింపే పిన్నిగారు.

"ఇనపకప్పులకి ఉసురేంటమ్మా?" అన్నాడు మేనేజరు.

కప్పులకి కాదు... ఆ సంగతి తర్వాత తెలిసింది.

మార్చిన మూడోనాటి రాత్రి, ఊడ్చే ఆవిడ చెత్తబండి తోసుకుంటూ ఆ దిమ్మకి అడ్డంగా వెళ్ళబోయింది. చెవి పక్కనే ఎవరో మెల్లగా -- "మధ్యలో దూరకమ్మా..."

తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఆవిడ బండి వదిలేసి ఒకటే పరుగు.

ఇదంతా బ్రష్షన్నకి తెలుసు. బోర్డులు రాసే అతన్ని అందరూ అలాగే పిలుస్తారు. ఊళ్ళో చేత్తో బోర్డులు రాసేవాళ్ళలో మిగిలింది అతనొక్కడే. మర్నాటి సాయంత్రం మేనేజరు పిలిచి గట్టిగా చెప్పాడు.

"జనం పాత చోటుకొచ్చి కప్పులేవని తిట్టిపోతున్నారు. రేపు గేటు తీసేసరికి అక్కడ బోర్డుండాలి. లేదా, ఫ్లెక్సువాడు కాచుక్కూర్చున్నాడు. కొండరైలు బోర్డులన్నీ వాడికే."

ఈ పార్కు కూడా పోతే బ్రష్షన్నకి మిగిలేది ప్రహరీ గోడల మీద 'ఇక్కడ మూత్రం పోయరాదు' ఒక్కటే. అందుకని రంగు డబ్బాలు తీసుకుని రాత్రే బయల్దేరాడు.

పార్కు వాచ్‌మన్ అతని బావమరిది. తోడొస్తానని వచ్చి, ఐస్‌క్రీం బండి దగ్గర ఆగిపోయాడు.

"నువ్వెళ్ళు బావా. నేనిక్కడ్నుంచి ధైర్యం చెప్తా."

"ఇక్కడ్నుంచి చెప్తే అక్కడేం వినపడుతుందిరా?"

"అరుస్తాగా! నీకేమన్నా అయితే అక్కకి చెప్పడానికి ఒకడన్నా మిగలాలి కదా."

బ్రష్షన్న ఒక్కడే వెళ్ళాడు. బోర్డుని దిమ్మ ముందు పాతేసే ఉంచారు. చేతిలైటు నేల మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని మొదలుపెట్టాడు. గాలి లేదు. చప్పుడు లేదు. బ్రష్షు గీసుకునే సరసర ఒక్కటే...

'కప్పులాట ఇక్కడ లే' దాకా రాశాడు. బ్రష్షు రంగులో ముంచాడు.

"లే... తర్వాతేంటి బాబూ?"

వీపు వెనకే. ముసలి గొంతు.

బ్రష్షన్న కదల్లేదు. మెడ ఒక్కటే మెల్లగా... మెల్లగా తిప్పాడు.

లైను. దిమ్మ దగ్గర మొదలై, గేటు దాటి చీకట్లోకి. చివరెక్కడో కనపడట్లేదు. ఆడా మగా, చంకలో గొడుగు పెట్టుకున్నవాళ్ళు, చేతిసంచి పట్టుకున్నవాళ్ళు. ఎవరూ తోసుకోవట్లేదు. ఎవరూ ముందుకి దూరట్లేదు. బతికున్న మనుషుల్లో అంత పద్ధతైన లైను అతనెప్పుడూ చూళ్ళేదు. అనుమానం అక్కడే వచ్చింది. కిందకి చూశాడు.

మొహాలు దిమ్మ వైపు. పాదాలు గేటు వైపు.

అప్పుడే దూరం నుంచి కేక -- "ధైర్యంగా ఉండు బావా!"

"ఎవరా అరిచేది? పద్ధతి లేదు" అంది ముందు నిలబడ్డ ముసలమ్మ. "చెప్పు బాబూ. లే... ఏంటి?"

"లే... లేదండీ. లేదు. మార్చేశారు."

లైనంతా ఒక్క నిట్టూర్పు. ఆ చల్లదనానికి లైటు వెలుగు కూడా వణికింది.

"మా చిన్నప్పుడు ఇక్కడే నిలబడ్డాం" అంది ముసలమ్మ. "మా వంతొచ్చేసరికి గేటు మూసే టైమైంది. రేపు రండి అన్నారు. ఆ రేపు కుదర్లేదు నాయనా. పెళ్ళి, పిల్లలు, మోకాళ్ళ నొప్పులు... అన్నీ అయిపోయాక ఇప్పటికి తీరిక దొరికింది."

"కొండరైలు కూడా ఉండాలిగా. మనవళ్ళు సరదాపడతారు" అన్నాడు వెనక గొడుగాయన.

"నీకు మనవళ్ళు, నాకు వంతు. నోర్మూసుకో."

"మార్చితే మార్చనీ. అక్కడ మళ్ళీ లైను ఎవరి దగ్గర మొదలవుతుంది? అది తేలాలి!" వెనకెక్కడి నుంచో ఓ గొంతు.

అంతే. లైనంతా గుసగుసలు. నేను ముందంటే నేను ముందని. అది తేలేదాకా ఒక్క అక్షరం రాయనివ్వం అన్నారు. ముసలమ్మ చెయ్యి పెట్టి బ్రష్షు పట్టుకుంది. ఐసుగడ్డ తాకినట్టయింది.

తెల్లవారడానికి ఇంకెంతోసేపు లేదు. బోర్డు మీద 'లే' దగ్గరే ఆగిపోయింది. ఫ్లెక్సువాడి నవ్వుమొహం కళ్ళముందు కనపడింది బ్రష్షన్నకి. దెయ్యాల కన్నా దానికే ఎక్కువ భయమేసింది. నోరు పెగిలింది.

"పెద్దమ్మా... కింద ఇంకో మాట రాస్తా. ఒప్పుకుంటారా?"

'లేదు' పూర్తి చేశాడు. 'అవతలి కొసకి మార్చాము' అని రాసి, అటువైపు పెద్ద బాణం వేశాడు. కింద, చిన్నక్షరాల్లో --

'పాత లైను చెల్లుతుంది.'

అందరూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి చదువుకున్నారు. చదువురానివాళ్ళకి పక్కవాళ్ళు చదివి చెప్పారు. "రాతపూర్వకంగా ఇచ్చాడు, ఇంకేం" అన్నాడు గొడుగాయన. అందరూ బాణం వైపు మొహాలు తిప్పి, అడుగు వేశారు.

అడుగు మాత్రం పాదాలు ఎటుంటే అటే పడుతుంది కదా.

లైనంతా వెనక్కి, వెనక్కి... మూసిన గేటులోంచి రోడ్డు మీదకి పోయింది. 'అటు కాదు' అని పిలుద్దామనుకున్నాడు బ్రష్షన్న. పోయే దెయ్యాల్ని పిలిచి మరీ దారి చెప్పేంత గుండె ఎవరికుంటుంది? డబ్బాలు సర్దుకున్నాడు.

గేటుకి ఎదురుగా తిన్నగా వెళ్ళేది ఒకే వీధి. ఆ వీధి ఆగిపోయేది ఒకే ఇంటి దగ్గర. అది బ్రష్షన్న ఇల్లు.

ఆ సంగతి అతనికి తట్టింది, అడ్డసందులోంచి వచ్చి ఇంటి వెనక తలుపు తీశాకే. పెరట్లో అతని పెళ్ళాం, బట్టలు నానబెట్టే పెద్ద తొట్టిని గిరగిరా తిప్పుతోంది. తొట్టిలో ముసలమ్మ. కిలకిలా నవ్వుతోంది.

"ఎక్కడికి పోయారండీ? నా రెక్కలు పడిపోతున్నాయి!" అంది పెళ్ళాం.

"వీ... వీళ్ళెవరో తెలుసా నీకు?"

"తెలీకేం? మీ తరఫువాళ్ళు. చెప్పాపెట్టకుండా గుంపుగా దిగడం ఇంకెవరికి అలవాటు? కప్పులేవమ్మా అన్నారు. కప్పులెక్కడివి, తొట్టి ఉందన్నా. లైను చెల్లుతుందని మీరే రాసిచ్చారంటగా?"

"వాళ్ళ కాళ్ళు చూశావా?"

"మీ పెద్దనాన్న నడక మాత్రం తిన్నగా ఉంటుందా? కబుర్లాపి కాసేపు తిప్పండి."

తిప్పాడు. తెల్లారితే దెయ్యాలు పోతాయంటారు కదా. పోలేదు. వంతు రాకుండా ఎవరు పోతారు?

పొద్దెక్కాక మేనేజరు ఫోను. "బోర్డు అదిరిందయ్యా! కొండరైలు పని నీదే. కొలతలకి గంటలో రా. రాకపోతే ఫ్లెక్సువాడు ఇక్కడే ఉన్నాడు."

బ్రష్షన్న చొక్కా తొడుక్కుని గడప దాటబోయాడు. వీధి పొడుగునా తలలన్నీ ఒక్కసారే ఇటు తిరిగాయి.

"లైనుకి అడ్డం రాకండి..."

వెనక తలుపు. అక్కడా లైనే, ఇంటిని చుట్టుకుని. గోడ మీంచి దూకుదామంటే, గోడ మీద కూడా నలుగురు... వరసగా కూర్చుని.

లోపలికి తిరిగొచ్చాడు. తర్వాత ట్రంకుపెట్టె మూత పీకి, దాని మీద 'కప్పులాటకి దారి' అని రాశాడు. బాణం వెయ్యబోయి ఆగాడు. పెరట్లోకి చూశాడు. పెళ్ళాం చెమటలు కారుస్తూ గొడుగాయన్ని తిప్పుతోంది. బాణం పార్కు వైపు కాకుండా, సరిగ్గా దానికి ఎదురు దిక్కుకి వేశాడు. తీసుకెళ్ళి గుమ్మానికి తగిలించాడు.

తొట్టి ఆగింది. ముందున్నవాళ్ళు చదివారు. మొహాలు అటు తిప్పారు. అడుగులు ఇటు వేశారు. పార్కు వైపు, ఒకరి వెనక ఒకరు... వీధి ఖాళీ అయింది. బ్రష్షన్న ఒకటే పరుగు. గంటలోపే చేరాడు. పని దక్కింది.

అవతలి కొసన కప్పులు ఇప్పుడు బరువుగా తిరుగుతున్నాయంట, ఖాళీగా ఉన్నా సరే.

ఆ ట్రంకుమూత మాత్రం ఇప్పటికీ తియ్యలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని నమ్మి అటు పోయి, దారి తప్పి, తిట్టుకుంటూ వెనక్కొస్తారు. మంచిదే. కానీ ఎప్పుడన్నా, ఎవరన్నా, ఆ బాణం చూసుకునే తిన్నగా పార్కుకి చేరానని మీతో చెప్తే... సరేనని తలూపండి.

కిందకి మాత్రం చూడకండి.